కుక్కలకును పిల్లులకును వచ్చు నేత్రవ్యాధులు



విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, పాడిపశువులను గూర్చియు ఈ పత్రికలో చదువుటకు అలవాటుపడిన మీకు, కుక్కల కన్నులను గూర్చి వ్రాయుట వింతగా తోచవచ్చును. అయినను ఒక్క మాట ఆలోచింపుడు. కళ్లములో ధాన్యపురాశి ప్రక్కన రాత్రియంతయు మేలుకొని యుండునది ఏది? గాదె క్రిందను, సంఘపు గిడ్డంగిలో విత్తనపు బస్తాల సందులందును ఎలుకను పట్టునది ఏది? ఈ రెండు జంతువులును జీతము లేని పనివాండ్రు. వానికి కన్నే పనిముట్టు. నాగలి కఱ్ఱు మొద్దుబారినచో కమ్మరి యొద్దకు పోవుదుము గాని, కుక్క కన్ను చెడినచో “అదే మానును లెమ్ము” అని యూరకుందుము. ఈ యూరకుండుటవలన ఎన్నియో కన్నులు పోవుచున్నవి. అంతకంటె చెఱుపు తొందరపడి చేయు నాటు వైద్యమువలన కలుగుచున్నది.

దీనికి దృష్టాంతముగా మా తప్పునే చెప్పెదము. ఒక సంవత్సరము నూర్పుల కాలమున మేము ఒక సభ్యుని కళ్లమునకు పోయితిమి. అచటి కాపలా కుక్క ఒక కన్ను మూసికొని, నీరు కార్చుచు, మాటిమాటికి ముంగాలితో కన్ను రుద్దుకొనుచుండెను. కండ్లకలక యని తలచి, ఆ యింటి ముసలమ్మకు శస్త్రచికిత్స తరువాత వైద్యులిచ్చిన చుక్కల మందు మిగిలియుండగా, దానినే వేయుమని చెప్పితిమి. రెండు దినములు ఎఱుపు తగ్గినట్లు కనబడెను. అయిదవనాటికి నల్లగ్రుడ్డు తెల్లబడి, నడుమ గుంట పడి, కన్ను చిట్లెను. పశువైద్యుడు చూచి, వరిగడ్డి మొన గీచుకొని పుండు పడినదనియు, మేము వేయించిన మందులో స్టెరాయిడు ఉండుటచేత ఆ పుండు మానక లోతుగా తినివేసినదనియు చెప్పి, కన్ను తీసివేయవలసి వచ్చెను. ఆ రైతు మమ్ము తిట్టలేదు. “మీరు చెప్పితిరి గదా అని వేసితిమండీ” అని మాత్రమనెను. ఆ మాట మఱవలేకయే యీ పాఠము వ్రాయుచున్నాము.

కంటి నిర్మాణము

రోగమును గుర్తింపవలెనన్నచో ఆరోగ్యమును ముందుగా ఎఱుగవలెను. కంటి ముందు భాగమున గాజుబిళ్లవలె స్వచ్ఛమైన పొర యొకటి కలదు. దానిలోనుండి చూచుటచేతనే మనకు నల్లగ్రుడ్డు కనబడుచున్నది. ఈ పారదర్శకమైన పొరను ఈ పాఠములో “అద్దపు పొర” అనియే పిలిచెదము. దాని వెనుక నడుమ రంధ్రమున్న రంగు తెర. ఆ రంధ్రమే కనుపాప. కనుపాప వెనుక కటకము. అన్నిటికంటె లోపల, దృశ్యమును గ్రహించు నాడీపటలము. మనకు రెండే ఱెప్పలు గాని, కుక్కకును పిల్లికిని ముక్కు వైపు మూలలో మూడవ ఱెప్ప యున్నది. ఆరోగ్యముగా నున్నప్పుడు అది లోపల దాగియుండును. అది పైకి వచ్చి కంటిని సగము కప్పినచో ఏదియో బాధ యున్నదని తెలిసికొనవలెను. పిల్లి రెండు కన్నులందును ఒక్కసారి మూడవ ఱెప్ప పైకి వచ్చినచో, రోగము కంటియందే కాక ఒంటియందును ఉండవచ్చును.

పుట్టిన కుక్కపిల్లలు సుమారు 10 మొదలు 14 దినములకును, పిల్లికూనలు 7 మొదలు 14 దినములకును కన్నులు తెఱచును. అంతకు ముందు ఱెప్పలను బలవంతముగా విప్పరాదు. అయితే ఇంకను తెఱవని ఱెప్పల క్రింద ఉబ్బి, మూలనుండి చీము కనబడినచో, అది లోపల చీము పట్టిన గుర్తు. ఆ దినమే వైద్యునికి చూపవలెను.

పరీక్షించు విధము

వారమున కొకసారి, పశువులను కడుగునప్పుడే, కుక్కను పిల్లిని కూడ చూడుడు. వెలుతురులో నిలిపి రెండు కన్నులను ఒకదానితో నొకటి పోల్చవలెను. ఒక కంటికి వచ్చిన మార్పును రెండవ కన్నే చూపించును. ఈ క్రింది ప్రశ్నలు వేసికొనుడు.

1. రెండు కన్నులు సమముగా తెఱచియున్నవా? ఒకటి చిట్లించుచున్నదా? చిట్లించుట నొప్పికి గుర్తు.
2. నీరు కారుచున్నదా, లేక పుసి కట్టుచున్నదా? పుసి తెల్లనిదా, పచ్చనిదా, తీగవలె సాగుచున్నదా?
3. తెల్లగ్రుడ్డు ఎఱ్ఱబడినదా?
4. అద్దపు పొర నిగనిగలాడుచున్నదా, మసకబారినదా?
5. కనుపాపలు రెండును ఒకే పరిమాణమున ఉన్నవా? వెలుతురు పడగా చిన్నవగుచున్నవా?
6. ఒక గ్రుడ్డు రెండవదానికంటె పెద్దదిగా ఉబ్బినదా?
7. చూపు ఉన్నదా?

చూపును పరీక్షించుటకు చిన్న దూదియుండను కంటి యెదుట పైనుండి జారవిడువుడు. చూపుగల జంతువు దానిని కనిపెట్టి చూచును. దూదికి చప్పుడు లేదు, గాలి తగులదు. కాబట్టి చెవితో గాని మీసములతో గాని మోసపుచ్చజాలదు. మఱియు ఇంటిలో పీట, బుట్ట వంటివానిని స్థలము మార్చి, పగటి వెలుగునందును సందె చీకటియందును నడిపించి చూడుడు. అలవాటైన యింటిలో గ్రుడ్డి కుక్క సయితము తడుముకొనక తిరుగును. అందుచేతనే చూపు పోయిన సంగతి చాల దినములు యజమానునికి తెలియదు.

సామాన్యముగా వచ్చు రోగములు

కండ్లకలక. తెల్లగ్రుడ్డు, ఱెప్పల లోపలి భాగము ఎఱ్ఱబడి, నీరు గాని పుసి గాని కారును. ధూళి, పొగ, ఊక, ఈగలు దీనికి కారణములు కావచ్చును. పిల్లులకు మాత్రము ఇది తఱచుగా అంటురోగము. తుమ్ములు, ముక్కు కారుట, తిండి మానుట దీనితో కూడ వచ్చును. ఒక జాతి వైరసు పిల్లి శరీరములో జీవితాంతము దాగియుండి, చలిగాని భయముగాని కొత్తచోటుగాని తటస్థించినప్పుడు మరల బయటపడును. రోగపు పిల్లిని, కూనలను వేఱుగా నుంచి, వాని గిన్నెలు వేఱుచేసి, ముట్టుకొన్న తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

పుండు. గడ్డి మొన, ముల్లు, పిల్లి గోరు గీచుకొని అద్దపు పొరపై గాయమగును. కన్ను బిగియ మూసికొనుట, నీరు ధారగా కారుట, వెలుతురునకు ఓర్వకపోవుట దీని గుర్తులు. పైకి ఏమియు కనబడకపోవచ్చును. వైద్యుడు ఫ్లోరెసీను అను రంగుచుక్క వేసి చూచినచో పుండు ఉన్నచోట పచ్చగా మెఱయును. మామూలు గీత తగిన మందుతో కొన్ని దినములలో, సాధారణముగా వారము లోపల, మానును. చీము పట్టినచో గ్రుడ్డు చిట్లువఱకు పోవును. పుండు మానిన పిదప కొన్నిసార్లు తెల్లని మచ్చ మిగులును. మన యూళ్లలో కంటిలో “పువ్వు” పడినదనుట దీనినే.

ఎండిన కన్ను. కన్నీరు ఊరుట తగ్గి, తీగవలె సాగు చిక్కని పుసి కట్టుచుండును. కన్ను నిగ తప్పి, రానురాను గోధుమవన్నె మచ్చ కమ్మును. దీనిని మాటిమాటికి వచ్చు కండ్లకలక యని తలచి పుసిని తుడిచి విడుచుట మనవారి అలవాటు. వైద్యుడు చిన్న కాగితపు పట్టీని ఱెప్పలో నుంచి, ఒక నిమిషములో ఎంత తడిసినదో కొలుచును. కుక్కకు 15 మిల్లీమీటర్లు తడిసినచో కొఱత లేదు. 10 కంటె తక్కువైనచో రోగమున్నదని తలంపవలెను. సైక్లోస్పోరిను మందును దీనికి వాడుదురు. చాలవఱకు జీవితాంతము వేయవలసి యుండును.

నీటికాసులు. కంటిలోపలి నీటి యొత్తిడి పెరుగుటయే ఈ రోగము. కన్ను ఎఱ్ఱబడి, అద్దపు పొర నీలిమసకబారి, కనుపాప పెద్దదై వెలుతురునకు చిన్నది కాదు. జంతువు తల వంచుకొని మూలకు పోయి తిండి మానును. ఇది గంటలలెక్కన చూపును హరించు రోగము. మఱునాటి వఱకు ఆగరాదు.

శుక్లము. కటకము తెల్లబడి కనుపాప వెనుక సున్నపు చుక్కవలె కనబడును. కుక్కలలో మధుమేహమువలన ఇది త్వరగా వచ్చును. కుక్క అధికముగా నీరు త్రాగుచు, అధికముగా మూత్రము విడుచుచు, తిన్నను చిక్కిపోవుచున్నచో మధుమేహము గలదేమో చూపించుకొనవలెను. శుక్లమును కరగించు చుక్కలమందు లేదు. శస్త్రచికిత్స యొక్కటే మార్గము. అయితే ఏడెనిమిది యేండ్లు దాటిన కుక్క కన్ను కొంచెము నీలి బూడిదవన్నెగా కనబడుట వార్ధక్యమే గాని శుక్లము కాదు. దానివలన చూపు పోదు.

ఎఱ్ఱని గడ్డ. పడుచు కుక్కలకు ముక్కు వైపు మూలలో రేగుపండంత ఎఱ్ఱని గడ్డ పైకి వచ్చును. ఇది మూడవ ఱెప్పకు చెందిన గ్రంథి. కంతి యని తలచి కోయింపరాదు. కన్నీటిలో మంచి భాగము ఆ గ్రంథినుండియే ఊరుచున్నది. కోసివేసినచో పైన చెప్పిన ఎండిన కన్ను రావచ్చును. దానిని లోపలికి మడిచి కుట్టుటయే సరియైన చికిత్స.

ఒంటి రోగము కంటిలో కనబడుట. పిడుదులు కఱచుటవలన వచ్చు జ్వరములో కుక్క కంటిలో నెత్తురు చేరుటయు, కన్ను నీలిమసకబారుటయు కలదు. అట్టి కుక్కకు ముక్కునుండి నెత్తురు, చర్మముపై నెత్తుటి మచ్చలు, నీరసము కూడ ఉండవచ్చును. కుక్కపిల్ల కన్నులందును ముక్కునందును చిక్కని చీము కారుచు, దగ్గు, విరేచనములు, పిదప వణకు, మూర్ఛలు వచ్చినచో అది డిస్టెంపరు అను ప్రమాదకరమైన అంటురోగము కావచ్చును. దీనికి టీకా కలదు. 6 మొదలు 8 వారముల వయస్సున మొదలుపెట్టి, 16 వారములు నిండువఱకు 3, 4 వారముల కొకసారి వేయింపవలెను.

పిల్లి తిండియు పిల్లి చూపును

పిల్లి ఆహారమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. టారిను అను పదార్థము పిల్లి నాడీపటలమునకు ప్రాణాధారము. కుక్క దీనిని తన శరీరములో తయారుచేసికొనగలదు. పిల్లి చాలినంత తయారుచేసికొనలేదు. ఇది కొఱవడినచో పిల్లికి నాడీపటలము క్షీణించి చూపు పోవునని 1975 లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. టారిను మాంసము, చేపలు, ఎలుకలయందు కలదు. అన్నమునందును పప్పునందును లేదు. ఎలుకలను పట్టి తిను పిల్లికి కొఱతలేదు. అయితే ఎలుకలు తగ్గిన యింటిలో, పెరుగన్నము మాత్రమే పెట్టబడు పిల్లికి ఈ యాపద రాగలదు. పోయిన చూపు మరల రాదు గాని, తిండి మార్చినచో మిగిలినది నిలుచును. కాబట్టి శాకాహారులైన రైతులు పిల్లిని పెంచునప్పుడు ఈ సంగతి తలచుకొని, పిల్లుల కొఱకు తయారుచేసిన ఆహారమైనను పెట్టవలెను. ముసలి పిల్లికి ఒక్కసారి రెండు కన్నులును కానరాకపోయినచో, మూత్రపిండముల రోగమువలనను రక్తపు పోటువలనను కావచ్చును. వెంటనే చూపినచో కొన్నిటికి చూపు దక్కును.

ఇంటివద్ద చేయదగినది

ఒక లీటరు నీటిని కాచి, 9 గ్రాముల ఉప్పు కలిపి, మూతవేసి చల్లార్చవలెను. ఏనాటి నీరు ఆనాడే వాడి, మిగిలినది పాఱబోయవలెను. శుభ్రమైన దూదిని ఈ నీటిలో తడిపి, కట్టిన పుసిని నానబెట్టి, ముక్కు వైపునుండి బయటికి మెల్లగా తుడువవలెను. ఒక కంటికి వాడిన దూదిని రెండవ కంటికి వాడరాదు. ఊక, ధూళి పడినచో ఈ నీటినే ధారగా పోసి కడుగవచ్చును. గ్రుడ్డులో గ్రుచ్చుకొనిన ముల్లును మాత్రము మీరు లాగరాదు.

పురుగుమందు గాని, సున్నము గాని కంటిలో పడినచో ఉప్పునీటి కొఱకు వెదకుచు ఆలస్యము చేయరాదు. దొరికిన శుభ్రమైన మంచినీటితో 15 నిమిషములకు తక్కువ గాకుండ ధారగా కడిగి, ఆ పిదప వైద్యుని యొద్దకు కొనిపోవుడు.

జంతువు కన్ను రుద్దుకొనకుండ, మందపు అట్టను గరాటువలె చుట్టి మెడకు కట్టుడు. పుండు మానుటకు మందు ఎంత ముఖ్యమో ఈ గరాటును అంత ముఖ్యము.

వైద్యుడిచ్చిన చుక్కలను వేయు విధ మిది. చేతులు కడుగుకొని, జంతువు వెనుక కూర్చుండి, గడ్డము పైకెత్తి, సీసామొన కంటికి తగులకుండ ఒక చుక్క విడువవలెను. రెండు మందులున్నచో నడుమ 5 మొదలు 10 నిమిషములు ఆగవలెను. చుక్కలను ముందును, లేపనమును తరువాతను వేయవలెను. మూత తీసిన సీసాను సాధారణముగా నాలుగు వారములకు మించి వాడరాదు.

చేయరానివి

జిల్లేడు పాలు, నందివర్ధనపు పాలు, పొగాకు రసము, సున్నపు తేట, పటిక, తేనె, నూనె వీనిలో దేనిని కంటిలో వేయరాదు. జిల్లేడు పాలు అద్దపు పొరను కాల్చివేయును. పొగాకు నమలి కంటిలో ఉమియుట పశువులకు కూడ చేయుచుందురు. అది పుండును చీము పట్టించును.

మనుష్యులకు మిగిలిన చుక్కలమందును వేయరాదు. డెక్సామెథాసోను, బీటామెథాసోను, ప్రెడ్నిసొలోను అను పేర్లు సీసాపై నున్నచో అవి స్టెరాయిడు మందులు. పుండు లేదని రంగుచుక్కతో తేల్చుకొననిది వానిని ముట్టరాదు. నొప్పికని పిల్లికి పారాసెటమాలు ఇయ్యరాదు. అది పిల్లికి విషము. కుక్క పిడుదులకు వాడు పెర్మెత్రిను మందును పిల్లికి పూయుటయు ప్రాణాపాయమే.

ఏ దినమున ఆ దినమే వైద్యుని చేరవలసిన గుర్తులు

కన్ను బిగియ మూసికొనుట, అద్దపు పొర మసకబారుట, గుంటపడుట, కంటిలో నెత్తురు, కనుపాపలు అసమమగుట, గ్రుడ్డు ఉబ్బి గట్టిపడుట, చూపు హఠాత్తుగా పోవుట. పోట్లాటలో గాని దెబ్బతగిలి గాని గ్రుడ్డు వెలికి వచ్చినచో, లోపలికి నెట్టక, ఉప్పునీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, ఎండిపోనీయక, తక్షణము కొనిపోవలెను. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఇది చిన్న దెబ్బకే జరుగును.

ఒక హెచ్చరిక. ఎఱుగని కుక్కగాని, ఒక్కసారి స్వభావము మాఱి చొంగ కార్చుచు, మ్రింగలేక, కారణము లేక కఱచుటకు వచ్చు కుక్కగాని కన్ను చూచుటకు ముఖము దగ్గఱకు పోరాదు. అది పిచ్చి కావచ్చును. కఱచినను, గీరినను, చొంగ గాయముపై పడినను సబ్బుతో 15 నిమిషములు ధారనీట కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. పెంపుడు కుక్కకు, పిల్లికి పిచ్చి నివారణ టీకా తప్పక వేయింపవలెను. కన్ను నొప్పితో నున్న సొంత కుక్క సయితము కఱచును గాన, ఒకరు పట్టుకొనగా ఒకరు చూడవలెను.

సంఘ సభ్యులు చేయదగినది

ఒక్కొక్కరు ఒక్కొక్క కుక్కను బండిలో కొనిపోవుట కష్టమని పలువురు మానుకొనుచున్నారు. నూర్పులకు ముందు ఒక దినము నిర్ణయించి, సంఘము పక్షమున పశువైద్యుని గ్రామమునకు రావించినచో, టీకాలును, పిడుదుల మందును, కంటి పరీక్షయు ఒక్కచోటనే జరుగును. గిడ్డంగిలో గాజు సీసాలో ఉప్పు, దూది, అట్ట గరాటు ఒకటి నిలువ యుంచుట గొప్ప వ్యయము కాదు.

అభ్యాసమునకు ప్రశ్నలు

1. మూడవ ఱెప్ప పైకి వచ్చుట దేనికి గుర్తు?
2. ముసలి కుక్క కంటి నీలివన్నెకును శుక్లమునకును భేదమేమి?
3. స్టెరాయిడు చుక్కలు పుండును ఏల చెఱచును? ఎట్లు గుర్తింతురు?
4. పెరుగన్నము మాత్రమే తిను పిల్లికి ఏమి యాపద?

ఈ ప్రశ్నలను వచ్చు సమావేశమున చదివి చర్చింపుడు.

మేము మొదట చెప్పిన కుక్క యింకను ఆ కళ్లములోనే కాపలా కాయుచున్నది. ఒక కన్ను గల జంతువు సుఖముగా బ్రదుకగలదు, పని చేయగలదు. అయితే కన్ను లేని ప్రక్కనుండి పోవునప్పుడు ముందుగా పేరుపెట్టి పిలిచి, పిదప ముట్టవలెను. మేము పోయినప్పుడెల్ల అట్లే పిలుతుము. అది మా గొంతు గుర్తించి తోక ఆడించును. దానికి మాపై కోపము లేదు. మాకు మాత్రము ఒక నియమ మేర్పడినది: తెలియని కంటికి ఉప్పునీరు తప్ప మఱేమియు వేయుమని ఎవ్వరికిని చెప్పము. మీరును అట్లే చేయుదురని కోరుచున్నాము.